ముఖం కందిపోతే కంగారెందుకు?

ఎండాకాలంలో పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు నడిచి బెంచీ మీద కూర్చున్నవారికి పక్కనుంచి తరచూ ఒక మాట వినిపిస్తుంది: "అదేంటి, ముఖం అంత కందిపోయింది? బీపీ చూపించుకున్నారా?" తరగతిలో లేచి జవాబు చెప్పాల్సిన విద్యార్థికి, ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టిన ఉద్యోగార్థికి చెంపల్లోకి ఒక్కసారిగా వేడి తన్నుకొస్తుంది. గంటసేపు పొయ్యి ముందు నిలబడి వంట చేసినవారిదీ అదే అనుభవం. ఒకచోట శ్రమ, ఒకచోట ఒత్తిడి, మరోచోట వేడి. కారణాలు వేరైనా ముఖం మీద కనిపించేది మాత్రం ఒకటే.

చాలామందిలో ఇది జబ్బు కాదు. అయినా దీనికి భయపడి వ్యాయామం మానేసేవారున్నారు, నలుగురిలో మాట్లాడటానికి వెనకాడేవారున్నారు. ఎరుపు తగ్గుతుందని ఎవరో చెప్పిన క్రీము కొని నెలల తరబడి రాసుకుని, లేని జబ్బును కొనితెచ్చుకునేవారూ ఉన్నారు. కొద్దిసేపు వచ్చి పోయే ఎరుపు వేరు, వచ్చి ఉండిపోయే ఎరుపు వేరు. ఈ తేడా తెలిస్తే అనవసరమైన భయం పోతుంది, అవసరమైన చికిత్స ఆలస్యం కాకుండా ఉంటుంది.

శరీరానికి చర్మమే రేడియేటర్

నడిచినా, పరుగెత్తినా, బరువులెత్తినా కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది. ఆ వేడి లోపలే ఉండిపోతే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకర స్థాయికి చేరుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు గమనిస్తూ, వేడి పెరగగానే చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేయమని నాడుల ద్వారా ఆదేశిస్తుంది. లోపలి వేడిని మోసుకుని రక్తం చర్మం పైపొరల దగ్గరికి వస్తుంది. అక్కడినుంచి వేడి గాలిలోకి పోతుంది. కారు ఇంజన్‌ను రేడియేటర్ చల్లబరిచే పద్ధతి ఇలాంటిదే.

మామూలు సమయంలో చర్మానికి అందే రక్తం నిమిషానికి పావు లీటరు నుంచి అర లీటరు వరకు ఉంటుంది. తీవ్రమైన వేడిలో అది 6 నుంచి 8 లీటర్ల వరకు పెరగగలదు. ఈ పెరుగుదల ఒళ్లంతా ఉన్నా ముఖంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. చెంపల్లో సన్నని రక్తనాళాలు దట్టంగా, చర్మం పైభాగానికి దగ్గరగా ఉండటమే దీనికి కారణం.

ఈ ఎరుపు ఆరోగ్యకరమైన స్పందనే అనడానికి ఒక అరుదైన రుగ్మత మంచి ఉదాహరణ. 1988లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధకులు జేమ్స్ లాన్స్, పీటర్ డ్రమండ్, వారి సహచరులు ఐదుగురు రోగుల గురించి ఒక పత్రం ప్రచురించారు. వేడికి, వ్యాయామానికి వారి ముఖం ఒక సగమే ఎర్రబడి చెమట పట్టేది. రెండో సగం పాలిపోయి పొడిగా ఉండేది. రంగురంగుల దుస్తులు వేసుకునే పాత ఐరోపా నాటకాల విదూషకుడి పేరుతో దీనిని హార్లెక్విన్ సిండ్రోమ్ అన్నారు. చూసేవారికి ఎర్రబడిన వైపే తేడాగా అనిపిస్తుంది. కానీ పరీక్షిస్తే లోపం ఎర్రబడని వైపు నాడుల్లో ఉంది. ఎర్రబడిన వైపు తన పని తాను చేస్తోంది.

పార్కులో వినిపించే బీపీ ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవాలి. ముఖం ఎర్రబడటం అధిక రక్తపోటు లక్షణం కాదు. బీపీ ఎక్కువగా ఉన్న సమయంలోనే ముఖం కందవచ్చు. కానీ ముఖం చూసి బీపీ ఎంతుందో చెప్పలేం. చాలామందిలో అధిక రక్తపోటు ఏ లక్షణమూ చూపకుండా పెరుగుతుంది. అది తెలియాలంటే కొలిపించుకోవడం ఒక్కటే మార్గం.

ఉక్కపోతలో ఎందుకు ఎక్కువ?

రక్తం చర్మం దగ్గరికి తెచ్చిన వేడిలో పెద్ద భాగాన్ని బయటికి పంపేది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి శరీరం నుంచి పోతుంది. ఇక్కడ ముఖ్యమైనది 'ఆవిరైతే' అన్న మాట. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో గాలిలో తేమ ఎక్కువ. అందువల్ల చెమట ఆవిరి కాకుండా ధారగా కారిపోతుంది. చల్లదనం రాదు కాబట్టి శరీరం చర్మానికి మరింత రక్తాన్ని పంపుతూనే ఉంటుంది. ఎండ తీవ్రత ఎక్కువైనా తేమ తక్కువగా ఉండే తెలంగాణ జిల్లాల్లో చెమట త్వరగా ఆరుతుంది. ఎయిర్ కూలర్ అక్కడ బాగా పనిచేసి, కోస్తాలో అంతగా పనిచేయకపోవడానికీ తేమే కారణం.

వేసవి వ్యాయామాన్ని ఈ లెక్కతోనే సర్దుకోవాలి. ఎండ ఎక్కకముందే నడక ముగించడం, పలుచని వదులైన నూలు బట్టలు వేసుకోవడం, ఇంట్లో వ్యాయామం చేసేటప్పుడు గాలి ముఖానికి, మెడకు తగిలేలా ఫ్యాను పెట్టుకోవడం మేలు చేస్తాయి. అయితే గది ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటితే ఫ్యాను గాలి శరీరాన్ని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. తడిపి పిండిన గుడ్డను మెడ చుట్టూ వేసుకోవడం, మధ్యమధ్య చల్లటి కుండ నీళ్లు తాగడం తేలికైన ఉపాయాలు. ఐసు ముక్కలను నేరుగా చర్మానికి రుద్దకూడదు, గుడ్డలో చుట్టి అద్దాలి.

ఒకేసారి నలభై నిమిషాలు చేసే వ్యాయామాన్ని పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేసుకుంటే శరీరంలో వేడి అంతగా పోగుపడదు. మొదట నెమ్మదిగా మొదలుపెట్టి, చివర ఒక్కసారిగా ఆపేయకుండా వేగం తగ్గిస్తూ ముగించాలి. చలికాలం తర్వాత వేసవిలోకి అడుగుపెట్టేటప్పుడు రోజుకు కొంచెం చొప్పున సమయం పెంచుకుంటే, వారం నుంచి రెండు వారాల్లో శరీరం వేడికి అలవాటు పడుతుంది. చెమట తొందరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. గుండె మీద భారం తగ్గుతుంది. ముఖం కందుతోందని వ్యాయామం మానేసినవారికి ఈ అలవాటు ఎప్పటికీ రాదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి రోజు ఇబ్బందే తిరిగి ఎదురవుతుంది.

వేడి టీ, గుంటూరు మిరప

టీ, కాఫీ తాగితే ముఖం కందేవారు తప్పంతా కెఫీన్‌దే అనుకుంటారు. 1981లో అమెరికా చర్మవైద్యుడు జొనాథన్ విల్కిన్ దీన్ని పరీక్షించారు. రోజేసియా అనే చర్మ సమస్య ఉన్నవారికి 60 డిగ్రీల వేడి కాఫీ, 60 డిగ్రీల వేడినీళ్లు, 22 డిగ్రీల కాఫీ, విడిగా కెఫీన్ ఇచ్చి చూశారు. వేడి కాఫీకి, వేడినీళ్లకు ముఖాలు ఒకేలా ఎర్రబడ్డాయి. చల్లటి కాఫీకి గాని, కెఫీన్‌కు గాని ఎర్రబడలేదు. అంటే కారణం వేడే. టీ మానుకోవలసిన పనిలేదు, పొగలు పోయాక తాగితే సరిపోతుంది. నోట్లో చిన్న ఐసు ముక్క ఉంచుకుంటే ఇలాంటి ఎరుపు తగ్గుతుందని కూడా విల్కిన్ గమనించారు.

మిరప కథ కొంచెం వేరు. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్, నాడుల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు మేల్కొనేది కూడా ఆ గ్రాహకమే. అందుకే గుంటూరు కారం తగిలితే నోరు 'మండుతుంది', ముఖం చెమర్చుతుంది. నిజానికి అక్కడ మంటా లేదు, వేడీ లేదు. మెదడుకు మాత్రం వేడి తగిలిందన్న కబురే అందుతుంది, అది చల్లబరిచే ఏర్పాట్లు మొదలుపెడుతుంది. ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కారం తిన్నప్పుడల్లా ముఖం ఇబ్బంది పెడుతుంటే మోతాదు తగ్గించుకోవచ్చు. ఏ ఇబ్బందీ లేనివారు మానాల్సిన అవసరం లేదు. మద్యం కూడా రక్తనాళాలను వెడల్పు చేసి ముఖాన్ని ఎర్రబరుస్తుంది.

నలుగురిలో ఎర్రబడితే

ఒత్తిడి వల్ల వచ్చే ఎరుపుకు వేడితో పనిలేదు. సిగ్గు, భయం, కోపం, తడబాటు కలిగినప్పుడు సింపథెటిక్ నాడులు చురుకవుతాయి, అడ్రినలిన్ విడుదలవుతుంది. శరీరంలో చాలాచోట్ల ఈ నాడులు చర్మపు రక్తనాళాలను బిగిస్తాయి. అందుకే భయపడినప్పుడు చేతులు చల్లబడతాయి. ముఖంలో మాత్రం అవే నాడులు నాళాలను వెడల్పు కూడా చేయగలవు. క్షణాల్లో చెంపలు, చెవులు, మెడ వేడెక్కుతాయి.

చార్లెస్ డార్విన్ 1872లో ప్రచురించిన భావ వ్యక్తీకరణల గ్రంథంలో ఈ సిగ్గు ఎరుపుకు ఒక అధ్యాయమే కేటాయించాడు. దానికోసం అనేక దేశాల్లో ఉన్నవారికి ప్రశ్నలు రాసి పంపాడు. కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన జాన్ స్కాట్ కూడా జవాబులు పంపినవారిలో ఉన్నాడు. చర్మం రంగు అనుమతించిన చోట సిగ్గు ఎరుపుగా కనిపిస్తుందా, ఒంటి మీద ఎంతవరకు వ్యాపిస్తుంది అన్నవి ఆ ప్రశ్నల్లో కొన్ని.

ఎర్రబడటం కన్నా ఎర్రబడతానేమో అన్న భయం ఎక్కువ బాధపెడుతుంది. 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ భయం ఎక్కువగా ఉన్న మహిళలను, తక్కువగా ఉన్న మహిళలను ఎంచుకున్నారు. వారు పాడుతుండగా తీసిన వీడియోను ఇతరుల ఎదుట వారికే చూపిస్తూ చెంపల రంగును, ఉష్ణోగ్రతను కొలిచారు. కొలతల్లో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. భయం ఎక్కువగా ఉన్నవారు మాత్రం తాము చాలా ఎర్రబడ్డామనే నమ్మారు. మనకు లోపల తెలిసే వేడి, ఎదుటివారికి బయట కనిపించే రంగు ఒకటి కావు.

పైగా ఎర్రబడటం చెడ్డపేరు తెస్తుందన్న నమ్మకమూ నిజం కాదు. 2009లో వెలువడిన మరో డచ్ అధ్యయనంలో, పొరపాటు చేసి ముఖం ఎర్రబడినవారిని చూసినవారు, ఎర్రబడనివారికన్నా వారినే మంచిగా అంచనా వేశారు. తప్పు గ్రహించిన మనిషిగా ఎదుటివారు అర్థం చేసుకుంటారు.

ఈ భయం తగ్గించే మానసిక చికిత్సలో ముఖ్యమైన సాధన ఒకటుంది. చెంపల మీదికి పోయే ధ్యాసను చేస్తున్న పని మీదికి మళ్లించడమే ఆ సాధన. ఎదుటివారు ఏమంటున్నారు, నేను చెప్పాల్సిన తర్వాతి విషయం ఏమిటి, గదిలో ఎవరెవరున్నారు అన్న వాటిపై దృష్టి పెట్టడం మొదట ఇంట్లో, తర్వాత దుకాణంలో, ఆపైన సమావేశాల్లో అలవాటు చేస్తారు. ఊపిరి నెమ్మదిగా తీసుకుని అంతకన్నా నెమ్మదిగా వదలడం కూడా ఒత్తిడిని తగ్గిస్తుంది. "నాకు కాస్త ముఖం ఎర్రబడుతుంది, ఏం కాదు" అని ముందే చెప్పేస్తే దాచుకునే భారం సగం తగ్గుతుంది. భయం చదువుకు, ఉద్యోగానికి అడ్డుపడే స్థాయికి చేరితే మానసిక వైద్యులను కలవాలి. కొన్ని సందర్భాల్లో వారు ప్రొప్రనొలాల్ వంటి మందు ఇస్తారు. ఆస్తమా ఉన్నవారికి ఇది ప్రమాదకరం కనుక సొంతంగా వాడకూడదు. ఛాతీలోని నాడిని కత్తిరించే శస్త్రచికిత్స కూడా ఉంది. దాని తర్వాత వీపు, పొట్ట, తొడల మీద విపరీతంగా చెమట పట్టడం చాలామందిలో మిగిలిపోతుంది. మన వాతావరణంలో అది చిన్న సమస్య కాదు.

ఎరుపు ఉండిపోతే

వ్యాయామం ఆపాక, చల్లటి చోటికి వచ్చాక కొద్దిసేపట్లో ముఖం మామూలు రంగుకు రావాలి. రోజుల తరబడి ఎరుపు తగ్గకపోతే, చెంపలు, ముక్కు, గడ్డం మీద సన్నని రక్తనాళాలు గీతల్లా కనిపిస్తుంటే, మొటిమల్లాంటి పొక్కులు, మంట, కళ్లు గరగరలాడటం ఉంటే అది రోజేసియా కావచ్చు. అమెరికాలోని నేషనల్ రోజేసియా సొసైటీ 1,066 మంది రోగులను అడిగినప్పుడు 81 శాతం మంది ఎండను, 79 శాతం మంది మానసిక ఒత్తిడిని, 75 శాతం మంది వేడి వాతావరణాన్ని, 56 శాతం మంది కఠిన వ్యాయామాన్ని ప్రేరకాలుగా చెప్పారు. ఎండకు టోపీ, గొడుగు, సన్‌స్క్రీన్ ఎందుకు అవసరమో ఈ అంకెలే చెబుతున్నాయి.

రోజేసియా తెల్లవారి జబ్బన్న అభిప్రాయం ఒకటుంది. గోధుమ రంగు చర్మంలో మెలనిన్ ఎరుపును కప్పేస్తుంది కాబట్టి చాలా కేసులు గుర్తింపునకు రావు, మొటిమలని పొరబడతారు. మన చర్మంలో రంగు కన్నా అనుభూతే ముఖ్యమైన ఆధారం. మాటిమాటికీ ముఖం వేడెక్కడం, మండటం, సూదులు గుచ్చినట్టుండటం, సబ్బు గాని క్రీము గాని తగిలితే చురుక్కుమనడం వంటివి వైద్యులకు తప్పక చెప్పాలి. కందినప్పుడు ఫోనులో తీసిన ఫొటో చూపిస్తే ఇంకా మంచిది.

క్రీముతో కొనితెచ్చుకునే జబ్బు

మన దేశంలో ఉండిపోయే ఎరుపుకు మరో పెద్ద కారణం స్టెరాయిడ్ క్రీముల దుర్వినియోగం. ఈ క్రీములు రక్తనాళాలను బిగిస్తాయి. రాసిన కొద్దిరోజుల్లోనే ఎరుపు తగ్గి ముఖం తేటగా కనిపిస్తుంది. వాడకం కొనసాగితే చర్మం పలచబడుతుంది, కింది నాళాలు పైకి కనిపిస్తాయి. మానేద్దామంటే ముఖం భగ్గుమని ఎర్రబడి మండుతుంది. భరించలేక మళ్లీ రాస్తారు. ఎండలోకి వెళ్లినా, పొయ్యి దగ్గర నిలబడినా ముఖం కాలిపోతున్నట్టుంటుంది. భారతీయ చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు.

2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వారిలో 433 మంది, అంటే 14.8 శాతం మంది, స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. ఆ 433 మందిలో సుమారు 29 శాతం మంది వాటిని ఫెయిర్‌నెస్ క్రీముగానో, రోజువారీ క్రీముగానో, గడ్డం గీసుకున్నాకనో రాసుకుంటున్నారు. 2018లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇలాంటి క్రీములను వైద్యుల చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినొలోన్ వంటి పేర్లుంటే అది స్టెరాయిడే. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు చర్మవైద్యుల పర్యవేక్షణలో మానడం మంచిది. చర్మం కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

రోజేసియాకు మందులు వేరుగా ఉన్నాయి. పొక్కులకు మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ పైపూతలు, గీతల్లా కనిపించే నాళాలకు లేజర్ చికిత్స వాడతారు. నాళాలను కొన్ని గంటలపాటు బిగించే బ్రిమోనిడిన్ వంటి జెల్‌లూ ఉన్నాయి. అయితే ప్రభావం తగ్గాక కొందరిలో ఎరుపు అంతకుముందుకన్నా ఎక్కువగా తిరిగొస్తుంది. ఏది ఎవరికి సరిపోతుందో నిర్ణయించాల్సింది వైద్యులే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

కొన్ని సాధారణ కారణాలను ముందుగా చూసుకోవాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, గుండె నొప్పికి ఇచ్చే నైట్రేట్లు, నియాసిన్ వంటి మందులు ముఖాన్ని ఎర్రబరచగలవు. అనుమానం వస్తే మందు మానేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. నలభైల్లోనో, యాభైల్లోనో ఉన్న మహిళల్లో ఒక్కసారిగా పైకి ఎగసే వేడి ఆవిర్లు మెనోపాజ్ వల్ల కావచ్చు. వాటికీ చికిత్స ఉంది.

ఈ కింది లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు:

- ఎరుపుతో పాటు దద్దుర్లు, పెదవులు గాని కళ్లు గాని వాయడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం. కొందరిలో వ్యాయామమే తీవ్రమైన అలర్జీని రేపుతుంది. ఇది అత్యవసర పరిస్థితి.
- ఏ కారణమూ లేకుండా మాటిమాటికీ ముఖం ఎర్రబడటం, దానితో పాటు నీళ్ల విరేచనాలు, పిల్లికూతలు. అరుదుగా హార్మోన్లు విడుదల చేసే కణితి దీనికి కారణమవుతుంది.
- ముఖం ఒక సగమే ఎర్రబడటం, ముఖ్యంగా ఇది కొత్తగా మొదలైతే.
- ఎండ తగిలాక చెంపల మీద రోజుల తరబడి నిలిచే ఎరుపు, దానితో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం, జుట్టు రాలడం. లూపస్ పరీక్షలు అవసరం కావచ్చు.
- ఎండలో పనిచేస్తూ మాట తడబడటం, తికమక, స్పృహ తప్పడం. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన వడదెబ్బకు ఇవి గుర్తులు. వెంటనే 108కు ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టాలి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

వీటిలో ఏదీ లేకపోయినా ఎరుపు తరచూ ఇబ్బంది పెడుతుంటే రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏ సమయంలో వచ్చింది, అంతకుముందు ఏం చేశారు, ఏం తిన్నారు, ఏ మందు వేసుకున్నారు, ఎంతసేపు ఉంది, ముఖం రెండు వైపులా వచ్చిందా అన్నవి చాలు. మీ ప్రేరకాలు రెండో మూడో తేలతాయి. వాటిని మాత్రమే సర్దుకుంటే సరిపోతుంది, ఇష్టమైనవన్నీ వదులుకోనక్కర్లేదు. నడక తర్వాత కందిన చెంపలు నీడలో కూర్చుని నీళ్లు తాగేసరికి మామూలు రంగుకు వస్తుంటే, రేపు కూడా నడకకు వెళ్లవచ్చు.